పరీక్షనాళికతో ఆగిన చదువు

1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఈస్టుకణముల సాయముతో హెపటైటిస్-బి టీకాను తయారుచేసి విడుదల చేసినది. ఇట్టి పనికి జన్యుశాస్త్ర జ్ఞానమొక్కటే చాలదు. తొట్టిలో ఉష్ణోగ్రత, ఆమ్లత, ప్రాణవాయువు హద్దు తప్పినను, పరాయి సూక్ష్మజీవి చొచ్చినను ఆ విడత యంతయు వృథా.

అమెరికాలో కొన్ని కమ్యూనిటీ కళాశాలలు ఈ జాగ్రత్తనే చేతిపనిగా నేర్పుచున్నవి. డి.ఎన్.ఏ. పటము చక్కగా గీసినవానికి మార్కులిచ్చి తృప్తిపడు చదువు అసంపూర్ణము.

అమలాపురమునకు చేరువనే అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానము కలదు. కొబ్బరికి వచ్చు గానోడెర్మా తెగులునకు విరుగుడుగా అచ్చట ట్రైకోడెర్మా శిలీంధ్రమును పెంచుదురు. కోనసీమ విద్యార్థి అచ్చట కొన్నాళ్లు పనిచేసి, పాత్రలను సూక్ష్మజీవిరహితము చేయుట, ప్రతి విడతకు లెక్క వ్రాయుట అలవరచుకొనవలెను. పరీక్షలో జవాబు తప్పిన మార్కు పోవును. కలుషితమైన సంచి తోటకు చేరిన రైతు చెట్టే పోవును.