ఊహకూ లెక్కలుంటాయి

యానిమే (జపనీస్ యానిమేషన్) పిచ్చి పట్టిన పిల్లల మీద జపాన్‌లో కామిక్స్ చాలానే వచ్చాయి. వాటిలో సుమితో ఓవారా 2016లో మొదలుపెట్టిన ‘ఎయిజోకెన్’ అంటే నాకు ప్రాణం. ముగ్గురు హైస్కూలు అమ్మాయిల కథ అది. అసాకుసా స్కెచ్‌బుక్ నిండా వింత ఊళ్లూ యంత్రాలే. మిజుసాకి ధ్యాసంతా మనుషుల కదలిక మీదే. కనమోరి బొమ్మలు వెయ్యదు, డబ్బు లెక్కలు చూస్తుంది. ముగ్గురూ కలిసి సొంతంగా యానిమే తీయడానికి పూనుకుంటారు.

కాయిన్ లాండ్రీలో జరిగే ఘట్టం నాకు మరీ ఇష్టం. అసాకుసా గీసిన చోట్లకు మిజుసాకి గీసిన మనుషులు తోడవుతారు. చూస్తుండగానే ఆ అమ్మాయిలే ఎగిరే యంత్రంలో కూర్చుని గాల్లోకి లేస్తారు. ఎక్కడ కూర్చోవాలి, ఎలా ఎగరాలి అన్నది ఇద్దరూ పోటీపడి కల్పిస్తుంటేనే సాహసం ముందుకు సాగుతుంది. ఓవారా మాటల బుడగలను కూడా గది వాలుకు తగ్గట్టు వంచి గీస్తాడు. మాటకూ ఆ గదిలో ఓ చోటు దొరుకుతుంది.

2020లో మసాకి యువాసా దర్శకత్వంలో సైన్స్ సారు స్టూడియో దీన్ని యానిమేగా తీసింది. అందులో చిన్నారి మిజుసాకి, బామ్మ మిగిలిన టీని పెరట్లోకి విసిరే తీరు గమనిస్తుంది. చెయ్యి ఎలా తిరిగింది, టీ ఎలా చెదిరింది అన్నది పట్టుకోవాలని తపిస్తుంది. రేపు ఆమె గీయబోయే యుద్ధాలకు బలం ఆ చూపులోంచే వస్తుంది.

తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేములు నిలిపినా నిమిషానికి 480 బొమ్మలు కావాలి. అందుకే కనమోరి గడువు గుర్తుచేస్తూ వెంటపడుతుంది. చాలా కథల్లో ఇలాంటి మనిషిని కలలకు అడ్డుపడే మనిషిగా చూపిస్తారు. ఇక్కడ ఆమె లేకపోతే ఆ కల స్కెచ్‌బుక్ దాటదు.

మిజుసాకిలాంటి చూపు అలవడాలని, డ్రాగన్ బొమ్మ వేసుకొచ్చిన పిల్లలను నేను “రెక్కలు ముడిస్తే ఎక్కడ పడతాయి?” అని అడుగుతుంటాను. జవాబు కోసం వాళ్లు కిటికీ బయట కాకి వైపు చూస్తారు. తర్వాతి బొమ్మలో రెక్కకు కీలు వస్తుంది, డ్రాగన్‌కు బరువు వస్తుంది. ఊహ ఎంత దూరం పోవాలంటే చూపు అంత దగ్గరగా ఉండాలని నా నమ్మకం.

మీ ఇంట్లో నోటుపుస్తకం చివరి పేజీలు బొమ్మలతో నింపే పిల్లలుంటే కసురుకోకండి. వాళ్లు గీసిన యంత్రం ఎలా నడుస్తుందో అడగండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా పక్కనే కూర్చోండి.