ఒకే పుస్తకం, రెండు కాపీలు

ఆరో తరగతి దాటిన పిల్లలు ఏ నవల చదువుతుంటే ఆ నవలని ఇంట్లో పెద్దవాళ్లు కూడా చదవాలి. ముందు మనం చదివి, ఫరవాలేదనిపిస్తే వాళ్ల చేతికివ్వడం గురించి కాదు నేను చెబుతున్నది. అదే వారంలో, వాళ్లతోపాటు చదవడం గురించి. మా ఇంట్లో కొన్నేళ్లుగా ఇదే అలవాటు. దీనికి పెద్ద ఖర్చు కూడా కాదు. మేముండేది హైదరాబాద్ నాంపల్లిలో. నాలుగడుగులు వేస్తే అబిడ్స్.

ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, ఆ షట్టర్ల ముందు పుస్తకాలు తెరుచుకుంటాయి. జీపీఓ నుంచి అటూ ఇటూ ఫుట్‌పాత్ పొడుగునా టార్పాలిన్ల మీద గుట్టలు. ఒకచోట ఇంజనీరింగ్ పుస్తకాలు, గ్రూప్స్ గైడ్లు. ఇంకోచోట ఉర్దూ పత్రికలు, పాత నిఘంటువులు. మా అమ్మాయి నిలబడే గుట్ట వేరే ఉంది. హ్యారీ పాటర్, పెర్సీ జాక్సన్, వింపీ కిడ్, హంగర్ గేమ్స్, వాటి అడుగున ఎనిడ్ బ్లైటన్. ఒక్కో పేరుకి మూడు నాలుగు కాపీలు దొరుకుతాయి కాబట్టి రెండేసి కొంటాం, తనకొకటి, నాకొకటి.

కొనేముందు తను చేసే తనిఖీ నాకు చాలా ఇష్టం. ముందు పుస్తకం వీపు కొంచెం వంచి, జిగురు పట్టుందో లేదో చూస్తుంది. తర్వాత ఒక కాగితాన్ని ఎండకి ఎత్తి పడుతుంది. నకిలీ ప్రింటు అయితే వెనక పేజీ అక్షరాలు ముందుకి కనబడతాయి, అంచుల దగ్గర మాటలు తెగిపోయి ఉంటాయి. ఆఖర్న చివరి పేజీలు. పుస్తకాన్ని ఫారాలుగా మడిచి బైండు చేస్తారు, అందుకే పాత పుస్తకంలో ఊడితే ఒక్కోసారి ఒక కాగితం కాదు, పదహారు పేజీల ఫారం మొత్తం ఊడిపోతుంది. ఆ పేజీలు ఉన్నాయో లేదో చూడాలి, కానీ ముగింపు కంటబడకూడదు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని కింద పేజీ నంబర్లు మాత్రమే చూసుకుంటూ పోతుంది. ఆ ముగింపుని అంత జాగ్రత్తగా దాచుకునే పిల్లకి ఆ పుస్తకం ఎంత సొంతమో ఆ చెయ్యి చూస్తేనే తెలిసిపోతుంది.

హంగర్ గేమ్స్ చదువుతున్న రోజుల్లో మా ఆడపడుచు వచ్చి, వెనక అట్ట చదివి, "పిల్లలు పిల్లల్ని చంపుకునే కథ ఈ వయసులో ఎందుకు వదినా?" అంది. అడగాల్సిన ప్రశ్నే. సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన ఆ నవలలో నిజంగానే జరిగేది అది. ప్రభుత్వం పిల్లల పేర్లతో చీటీలు తీసి, చీటీ వచ్చినవాళ్లని ఒక మైదానంలోకి తోసి, వాళ్ల చావుని టీవీలో చూపిస్తుంది. కానీ మా అమ్మాయి నన్ను పట్టుకుని అడిగింది చావుల గురించి కాదు. ఆ కథలో ఇల్లు గడవని పిల్లలు తిండిగింజలూ నూనే కోసం తమ పేరుతో అదనంగా చీటీలు వేయించుకుంటారు. "అంటే బీదవాళ్ల పేరు వచ్చే అవకాశమే ఎక్కువ కదమ్మా. మరి దాన్ని లాటరీ అని ఎలా అంటారు?" అంది. ఆ రాత్రి రేషన్ కార్డు దగ్గర మొదలై స్కూలు ఫీజుల దాకా వెళ్లింది మా మాట. నేను ఆ పుస్తకం చదివి ఉండకపోతే అట్ట మీది రక్తం దగ్గరే ఆగిపోయేదాన్ని.

నా చిన్నతనంలో ఈ మాటలకి చోటు లేదు. చదవడానికి మాత్రం బోలెడు ఉండేది. చక్రపాణి, నాగిరెడ్డి 1947 జూలైలో మొదలుపెట్టిన చందమామ మా ఇంటికి వచ్చేది. కొడవటిగంటి కుటుంబరావు తీర్చిదిద్దిన ఆ సరళమైన తెలుగు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పాత సంచికల్లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి సీరియళ్లు, చిత్రా బొమ్మలతో. వాటిలో బోధ తక్కువ, తర్వాత ఏమవుతుందన్న ఆత్రం ఎక్కువ. పదకొండేళ్లకి చందమామ చిన్నపిల్లల పుస్తకం అయిపోయింది. పదమూడేళ్లకి సందు చివర అద్దె పుస్తకాల షాపులో మధుబాబు షాడో, ఆ పైన యండమూరి తులసిదళం. చందమామకీ వీటికీ మధ్య, ఆ వయసు పిల్లల లోపల జరిగేదాని గురించి రాసిన నవల ఏదీ నా చేతికి రాలేదు. షాడోని దిండు కింద పెట్టుకుని చదివాం. చదివినదాని గురించి ఏ పెద్దవాళ్లతోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

అమెరికాలో ఇలాంటి ఖాళీనే ఒక స్కూలు పిల్ల పూడ్చింది. టల్సా అనే ఊళ్లో ఎస్.ఇ. హింటన్ పదిహేనేళ్ల వయసులో 'ది అవుట్‌సైడర్స్' మొదలుపెట్టింది. 1967లో అది అచ్చయ్యేనాటికి ఆమెకి పద్దెనిమిది. ఊళ్లో డబ్బున్న కుర్రాళ్లకీ లేనివాళ్లకీ మధ్య గొడవలు, తల్లీతండ్రీ పోయాక అన్నలే పెంచుతున్న ఒక తమ్ముడు. అందులో పెద్దవాళ్లెవరూ వచ్చి సమస్య తీర్చరు. నేను ఏ నవలకైనా పెట్టే పరీక్ష ఇదే. కథకి కీలకమైన నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు? పిల్లలా, పెద్దలా?

ఈ పరీక్షలో తెలుగులో పిల్లల నవలలని అచ్చయ్యేవి చాలా తప్పుతున్నాయి. మొదటి వంద పేజీల్లో పిల్లలు తిరుగుతారు, వెతుకుతారు, భయపడతారు. ఆఖర్న ఒక మాస్టారో తాతయ్యో వచ్చి అంతా విడమర్చి చెప్పి తల నిమురుతారు. రచయితలని మాత్రమే అని లాభం లేదు. పుస్తకం కొనేది మనం. "ఇందులో నీతి ఏముంది?" అని షాపులో అడిగేది మనమే. నీతి అడిగితే నీతే అచ్చు వేస్తారు.

అయినా మంచివి లేకపోలేదు. సాహిత్య అకాడమీ 2010లో బాల సాహిత్య పురస్కారం మొదలుపెట్టినప్పుడు తెలుగులో మొదటి బహుమతి కలువకొలను సదానంద 'అడవి తల్లి' నవలకే వచ్చింది. 2024లో చంద్రశేఖర్ ఆజాద్ 'మాయాలోకం' నవలకి. 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వాళ్లు అమెరికా తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి పోటీలు పెట్టి మరీ పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. వీటికి తోడు, పిల్లల పుస్తకాలన్న పేరు లేకుండా పెద్దల అరలో కూర్చున్నవి ఉన్నాయి. నామిని కథల్లో పిల్లవాడికి అమ్మంటే ప్రేమా తెలుసు, ఇంట్లో డబ్బు లేకపోవడమూ తెలుసు. ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు నాంపల్లి పిల్లలకి ఇంకొంచెం దగ్గర. యూసుఫైన్ దర్గా మీదుగా రోజూ నడిచే పిల్లకి నెల్లూరు జిల్లా ముస్లిం ఇంటి కథ పరాయిది ఎలా అవుతుంది? కుటుంబరావు 'చదువు' పదో తరగతి పిల్లలకి ఇవ్వదగ్గ నవల. ఏ షాపులోనూ దాన్ని పిల్లల వైపు పెట్టగా చూడలేదు.

ఇంకొక ప్రయత్నం గురించి ఎక్కువ చెప్పాలి. హైదరాబాద్‌లోనే ఉన్న అన్వేషి పరిశోధనా కేంద్రం 2008లో పిల్లల కోసం ఒక పుస్తకాల వరస తెచ్చింది. డీసీ బుక్స్ ప్రచురణ, తెలుగు, మలయాళం, ఇంగ్లిష్ మూడు భాషల్లో. పాఠ్యపుస్తకాల్లో కనబడని ఇళ్లలో పిల్లలు ఎలా ఉంటారో వాటిలో ఉంది. ఒక కథలో ఆదివారం పూట ముస్లిం ఇంట్లో తలకాయ కూర సంబరం. గోగు శ్యామల రాసిన ఇంకో కథలో తాటకి అని పేరుపడ్డ పిల్ల. పొద్దు పొడవకముందే పొలానికి నీళ్లు పెట్టబోయిన ఆ చిన్నపిల్ల మీదికి ఊరి ఆసామి వస్తే, ఎదిరించి గెలుస్తుంది. ఏ మాస్టారూ రాడు.

దానికి మా దగ్గర ఒకటే కాపీ, అందుకే పైకి చదువుకున్నాం. ఆ ఘట్టం రాగానే మా అమ్మాయి ఆపింది.

"అమ్మా, వాడు ఏం చెయ్యబోయాడు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు పేజీ అంచు మడుస్తూ కూర్చుంది. తర్వాత, ట్యూషన్ నుంచి వచ్చే దారిలో ఒకడు కొన్నాళ్లుగా తన వెనకే వస్తున్నాడని చెప్పింది. స్నేహితురాళ్లకి చెబితే, నువ్వంటే ఇష్టమేమోలే అని నవ్వారట. మర్నాటి నుంచి వాళ్ల నాన్న వెళ్లి తీసుకురావడం మొదలుపెట్టారు, వాడు మళ్లీ కనబడలేదు. ఈ మాట నేను నేరుగా ఎన్నిసార్లు అడిగినా వచ్చేది కాదు. "దారిలో ఎవరైనా ఏమైనా అంటున్నారా?" అని ప్రతి తల్లీ అడుగుతుంది, "ఏం లేదు" అని ప్రతి పిల్లా చెబుతుంది. కథలో పిల్లకి జరిగింది కాబట్టి తనకి జరిగింది చెప్పడానికి దారి దొరికింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తన చేతిలో ట్విలైట్ కూడా ఉంది. క్లాసులో అందరూ చదివేశారట. నేనూ చదివాను. నాకు నచ్చలేదు, ఆ మాట తనకీ చెప్పాను. అందులో ఆ కుర్రాడు రాత్రిపూట అమ్మాయి గదిలోకి వచ్చి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. ఆమెకి తెలియకుండా. రచయిత్రి దాన్ని ప్రేమగా రాసింది. మన సినిమాల్లో హీరో కాలేజీ దాకా వెంటపడితే పాట పెట్టినట్టే. "నీ వెనక వచ్చినవాడికీ ఇతనికీ తేడా ఏంటి?" అని అడిగాను. "ఇతను మంచివాడని కథలో తెలుసు కదా" అంది. "ఆ అమ్మాయికి ముందే తెలుసా?" అన్నాను. ఒప్పుకోలేదు. రెండో భాగం కూడా కావాలంది, కొనిచ్చాను. ఆ పుస్తకాన్ని నేను లాక్కుని ఉంటే తను స్నేహితురాలి దగ్గర తీసుకుని చదివేది, నా ప్రశ్న మాత్రం తన దాకా వెళ్లేది కాదు. ఇప్పుడు ఆ ప్రశ్న తన దగ్గర ఉంది. ఈ మధ్య ఏదో సినిమా చూస్తూ, హీరో బస్టాపులో కాపు కాస్తున్న సీనులో, నేనేమీ అనకముందే "ఆ అమ్మాయిని అడిగాడా?" అంది.

అందుకని తల్లిదండ్రులని అడుగుతున్నాను. నవలని ఆపే ముందు నవల చదవండి. తెలుగు చదవడం కష్టంగా ఉన్న పిల్లలకి రోజూ పది పేజీలు పైకి చదివి పెట్టండి, పద్నాలుగేళ్లొచ్చినా సరే. ప్రచురణకర్తలకి కూడా ఒక విన్నపం. నామిని, ఖదీర్‌బాబు, శ్యామల కథల్లోంచి ఏరి, అక్షరం కాస్త పెద్దది చేసి, బొమ్మలతో ఈ వయసు పిల్లల కోసం వెయ్యండి. పుస్తకాల షాపులో వాటికి ఒక అర ఇవ్వండి.

రచయితలకి చెప్పాలంటే నాంపల్లి, అబిడ్స్ మధ్యే నవలలు తిరుగుతున్నాయి. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేరి, క్లాసు టాపర్‌గా ఉంటూ, లెక్కలంటే ఇష్టం పోయిందని ఇంట్లో చెప్పలేని పిల్లవాడు ఉన్నాడు. నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో శాలువాల స్టాలు పెట్టడానికి ఏటా జనవరి ఒకటికి కాశ్మీర్ నుంచి నాన్నతో వచ్చి, ఫిబ్రవరి మధ్యలో వెళ్లిపోయే కుర్రాడికి ఇక్కడ ఒక స్నేహితుడు దొరకొచ్చు. హజ్ హౌస్ నుంచి నానమ్మని సాగనంపి, ఇంటికొచ్చి మొదటిసారి వంట చేసే పిల్ల ఉంది. క్లాసు వాట్సాప్ గ్రూపులోంచి తీసేసిన అమ్మాయి ఉంది. వీళ్లలో ఎవరి గురించి రాసినా, మొదటి ఆదివారమే రెండు కాపీలు నేను కొంటాను.