కుట్టులో గుట్టు

పీహెచ్.డి. రోజుల్లో స్ట్రిండ్‌బర్గ్ నాటిక 'ది స్ట్రాంగర్' మీద రాసిన అధ్యాయంలో నేనొక తీర్పు ఇచ్చేశాను, మాట్లాడకుండా కూర్చున్న స్త్రీయే బలవంతురాలని. ఇన్నేళ్ళ తర్వాత డిగ్రీ అమ్మాయిలకు అదే నాటిక చెబుతుంటే ఒకమ్మాయి లేచి, "వీళ్ళిద్దరిలో ఎవరు బలవంతులో తేల్చడం మనకెందుకు మేడమ్? ఆ మొగుడు హాయిగా ఇంట్లో కూర్చున్నాడు కదా!" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఇంటికెళ్ళి నా థీసిస్ తీసి ఆ అధ్యాయాన్ని మళ్ళీ చదవకుండా ఉండలేకపోయాను.

పావుగంట నాటిక అది. క్రిస్మస్ ముందురోజు, ఆడవాళ్ళ కోసం నడిపే ఒక కాఫీ హోటల్. మిస్ వై ముందు సగం ఖాళీ అయిన బీరు సీసా, చేతిలో బొమ్మల పత్రిక. మిసెస్ ఎక్స్ పండగ బజారు చేసుకుని బుట్టతో వస్తుంది. ఇద్దరూ నటీమణులే. నాటికంతా ఎక్స్ ఒక్కతే మాట్లాడుతుంది. భర్త కోసం తను స్వయంగా కుట్టుపని చేసిన చెప్పులు తీసి చూపిస్తుంది. వాటి మీద ట్యూలిప్ పువ్వులు. అవంటే తనకు అసహ్యం, భర్తకు మాత్రం ఇష్టం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే ఆమెకు తెలిసివస్తుంది, అవి మిస్ వై కి ఇష్టమైన పువ్వులని. కొడుక్కి పెట్టిన పేరు వై తండ్రిది. వేసవికి సముద్రం మాని సరస్సుకు వెళ్ళింది వై కి సముద్రం పడదని. తన సంసారమంతా ఇంకో ఆడదాని అభిరుచులతో నిండిపోయిందన్న ఎరుక!

ఆ క్షణంలో ఎక్స్ ఎంత బేలగా ఉంటుందో చెప్పలేం. కానీ ఆ బేలతనాన్ని ఆమె ఒక్క నిమిషం కూడా భరించదు, వెంటనే ఆయుధంగా మార్చేస్తుంది. నువ్వు ఒంటరిదానివి, నాకు ఇల్లుంది, భర్త ఉన్నాడు అని గెలుపు చాటుకుని వెళ్ళిపోతుంది. నేను అప్పట్లో వై మౌనాన్ని బలమన్నాను. ఆ సగం సీసాను చూడలేదు. అది అలసట కూడా కావచ్చు కదా! అసలు స్ట్రిండ్‌బర్గ్ ఇద్దరు స్త్రీల మధ్య పందెం పెట్టి, రంగం మీదికే రాని పురుషుణ్ణి బహుమతిగా నిలబెట్టాడు. నేను ఆ పందేనికి న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. 1889లో కోపెన్‌హాగన్‌లో తొలి ప్రదర్శనలో ఎక్స్ వేషం వేసింది ఆయన భార్య సీరి ఫోన్ ఎస్సెన్. 1891లో వాళ్ళు విడిపోయారు.

దీని పక్కన సూసన్ గ్లాస్పెల్ 'ట్రైఫిల్స్' పెట్టి చూడాలనిపించింది. 1900లో అయోవాలో జాన్ హొసాక్ అనే రైతు నిద్రలో హత్యకు గురయ్యాడు. నేరం భార్య మార్గరెట్ మీద పడింది. 1901లో శిక్ష వేశారు, పైకోర్టు కొట్టేసింది, రెండో విచారణలో జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు. అప్పటికి ఆ రాష్ట్రంలో స్త్రీలకు జ్యూరీలో కూర్చునే హక్కు లేదు. విలేఖరిగా ఆ కేసు రాసిన గ్లాస్పెల్ 1916లో దాన్ని నాటిక చేసి, ప్రావిన్స్‌టౌన్‌లో మిసెస్ హేల్ పాత్ర తనే వేసింది.

ఇక్కడ నిందితురాలు మిన్నీ రంగం మీదికి రాదు. ఆమె వంటిల్లు వస్తుంది. మగవాళ్ళు ఆధారాల కోసం పైగది, కొట్టం వెతుకుతుంటారు. మిసెస్ హేల్, షెరీఫ్ భార్య మిసెస్ పీటర్స్ వంటింట్లో ఉండిపోతారు. సగం తుడిచిన బల్ల, చలికి పగిలిన పళ్ళ సీసాలు, బొంతలో అప్పటిదాకా చక్కగా సాగి ఒక్కసారిగా అడ్డదిడ్డమైన కుట్టు. తలుపు విరిగిన పంజరం. చివరికి కుట్టుపెట్టెలో పట్టుగుడ్డలో చుట్టి, మెడ విరిచిన పిట్ట. మిసెస్ హేల్ ముందే ఆ వంకర కుట్టు విప్పి తిన్నగా కుట్టేస్తుంది. చివర్న పెట్టెను కోటు జేబులో దాచేస్తుంది.

రెండింటిలోనూ కథను మోసింది కుట్టుపనే. మన దగ్గర ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఆ సామెతతో పెరిగిన వాళ్ళం. ఎక్స్ తన చేత్తో తనకు గిట్టని పువ్వు కుట్టి ఇంటి గుట్టు మూసి పెట్టుకుంటుంది. మిసెస్ హేల్ కూడా గుట్టు దాస్తుంది, కానీ ఇంటి పరువు కోసం కాదు, ఒక స్త్రీ ప్రాణం కోసం. మిసెస్ పీటర్స్ ఊరికే మారిపోదు. చిన్నప్పుడు తన కళ్ళముందే ఒక కుర్రాడు చంపిన పిల్లికూన, డకోటాలో పోగొట్టుకున్న తొలి బిడ్డ గుర్తొచ్చాకే మారుతుంది. బేలతనం ఇక్కడ ఆయుధం కాలేదు, దారి అయింది.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. మిన్నీ ఆ గదిలో లేదు గనకే సహానుభూతి అంత తేలికైందేమో? ఎదురుగా కూర్చుని ఉంటే? చాలాకాలంగా ఆమె గడప తొక్కలేదని మిసెస్ హేల్ పడే బాధే ఈ నాటికకు గుండె. అంతా అయిపోయాక పడే బాధ అది.

ఆ మాట నాకు తగిలింది. నేను స్త్రీల మౌనం మీద అధ్యాయం రాస్తున్న నెలల్లో కింది వాటాలో ఒకావిడ ఉండేది. చీరలకు ఫాల్స్ కుట్టేది. రాత్రిళ్ళు వాళ్ళాయన అరుపులు వినిపిస్తే రాత సాగదని నేను కిటికీ మూసుకునేదాన్ని. మెట్ల మీద ఎదురైతే "బావున్నారా?" అని జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయేదాన్ని. ఒకరోజు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

ఆవిడ ఫాల్ కుట్టిన చీర ఇప్పటికీ నా దగ్గరుంది. 'ట్రైఫిల్స్' పాఠం చెప్పొచ్చిన రోజు అంచు తిరగేసి చూశాను. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. ఒక్కో కుట్టూ సమానంగా, తిన్నగా ఉంది. గ్లాస్పెల్‌తో నాకున్న పేచీ ఇదే. అన్ని గుట్టులూ కుట్టులో బయటపడవు. ఆధారం దొరికేదాకా ఆగడం పోలీసుల పని. మనం మెట్లు దిగి వెళ్ళి తలుపు తట్టాల్సింది.