పాత గ్రామఫోను ప్లేటు – కొత్త కంప్యూటరు

గుడివాడ చెంత చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు పాడిన ‘పుష్పవిలాపం’ ఒకప్పుడు జనం చేతికి అందినది 78 చుట్ల గ్రామఫోను రికార్డుగా. ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కొంచెం పైగా మాత్రమే పట్టే అటువంటి నల్లని ప్లేట్లు ఈనాడు కంప్యూటరులో చిన్న చిన్న ఫైళ్ళుగా మారినవి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కొల్లేటి లంక గ్రామాలలో పద్యం చెవిని పడితే నిలబడి వినే అలవాటు ఇంకా పోలేదు. కాని కంప్యూటరు పాడే పద్యంలో పాత జీవం లేదని శ్రోతల ఫిర్యాదు. ఫిర్యాదు న్యాయమైనదే. దానికి వ్యాపారులు చెప్పే చికిత్స మాత్రం న్యాయమైనది కాదు.

ఆ చికిత్స ఏమనగా ఇంకా ఎక్కువ బిట్లు, సెకనుకు ఇంకా ఎక్కువ నమూనాలు, వేల రూపాయల యు.ఎస్.బి. తీగ, ప్రత్యేకమైన సాఫ్టువేరు. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కు పద్ధతిలో ధ్వని పీడనాన్ని సెకనుకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా వ్రాస్తారు. మెట్లు అనగానే ధ్వని మెట్లు మెట్లుగా విరిగి ఉంటుందని చాలమంది ఊహిస్తారు. ఇది పొరపాటు. నమూనాల సంఖ్యలో సగానికి లోబడిన పౌనఃపున్యాలన్నిటిని ఆ నమూనాలనుండే యథాతథంగా తిరిగి నిర్మించవచ్చునని క్లాడ్ షానన్ 1949లో గణితరీత్యా నిరూపించాడు. మెట్ల లెక్కవలన మిగిలే లోపం కేవలం ఒక సన్నని హోరు. అది మిక్కిలి పెద్ద ధ్వనికి సుమారు 96 డెసిబెళ్ళు దిగువన ఉంటుంది.

మనిషి చెవికి బాల్యంలో 20,000 కంపనాల వరకు వినబడుతుంది. నడివయస్సు దాటేసరికి ఆ హద్దు బాగా దిగివస్తుంది. ఇక 78 చుట్ల ప్లేటులో 10,000 కంపనాలకు పైన గానమనదగినది ఉండటమే అరుదు. అటువంటి పాటను 1,92,000 నమూనాల ఫైలుగా కొని వినటం కుంచెడు గింజలకు పది పుట్ల గాదె కట్టించటమే. ప్లేటునుండి నకలు తీసేవారికి మాత్రం ఈ పెద్ద గాదె పనికివస్తుంది. గీతల చిటపటలను గుర్తించి తొలగించటం అందులో సులభం. వినేవాని ప్రయోజనం వేరు.

2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు జరిపిన పరీక్షలో శ్రోతలకు ఏది ఏదో చెప్పకుండా అధిక నమూనాల ధ్వనిని, దానినే 44,100కు తగ్గించిన ధ్వనిని వినిపించారు. 554 మారులలో సరియైన సమాధానం వచ్చినవి 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. జాషువా రీస్ 2016లో 18 పరీక్షల ఫలితాలను కలిపి చూడగా సరియైన సమాధానాలు నూటికి 52 చిల్లర తేలినవి. తేడా బొత్తిగా లేదనటం కూడ సాహసమే, కాని ఆ రెండు పాళ్ళ కోసం బీరువా ఖాళీ చేయనక్కరలేదు. అంగడిలో ఖరీదైన పరికరాన్ని ఇసుమంత బిగ్గరగా వినిపిస్తే చాలు, చెవి దానినే మేలైనదంటుంది. తీగ సంగతి చెప్పనే అక్కరలేదు. అంకెలు తప్పిపోతే చిటపటలు వస్తాయి, మాధుర్యం తగ్గదు.

కంప్యూటరులో సరిచూడవలసినవి కొద్దిపాటివే. ధ్వనిని ‘మెరుగుపరచే’ అమరికలన్నీ ఆపివేయాలి. ఇదివరకే కుదించిన ఎం.పి.3 ఫైలును బ్లూటూత్ చాలసార్లు మరల కుదిస్తుంది కాబట్టి తీగ మేలు. గుయ్‌మనే శబ్దం వస్తూ ఉంటే చార్జరు తీసి బ్యాటరీ మీద వినాలి. అప్పుడు ఆగిపోతే అది 50 కంపనాల ఇంటి విద్యుత్తు పుణ్యమే. అంతమాత్రాన ఎర్త్ పిన్ను విరగ్గొట్టటం ప్రాణాపాయం.

అసలు నష్టం గదిలో ఉన్నది. సిమెంటు గోడలు, నున్నని పలకల నేల, అద్దాల కిటికీలు – ఇటువంటి గదిలో ప్రతి అక్షరం పదిసార్లు పరావర్తనం చెంది తరువాతి అక్షరం మీద పడుతుంది. 3,400 కంపనాల ధ్వనికి తరంగదైర్ఘ్యం పది సెంటీమీటర్లు. ఇటువంటి పొట్టి తరంగాలను మ్రింగటానికి ఏలూరు ఉన్ని తివాచీ చక్కగా పనికివస్తుంది. తమ ఊరి తివాచీ ఈ పనికి వస్తుందని ఏలూరులో ఎందరికి తెలుసునో! ఖరీదైన తీగ చేయలేని మార్పును అది చేస్తుంది.

అయితే తివాచీ కూడ సర్వరోగనివారిణి కాదు. పది అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య గాలి సుమారు 56 కంపనాల వద్ద, దాని గుణిజాలైన 112, 168 వద్ద ఊగుతుంది. చివరి రెండు పురుషకంఠపు మంద్రస్థాయిలో పడతాయి. ఘంటసాల క్రిందికి దిగినప్పుడు కొన్ని స్వరాలు గుమ్మని ఉబ్బి, కొన్ని పలచబడటానికి ఇదే కారణం. స్పీకరును మూలనుండి ముందుకు జరపాలి. వినేవాడు గోడకు ఆని కూర్చోరాదు. పంకా సంగతి కూడ తలచుకోవాలి. జోరుగా తిరిగే పంకా చప్పుడు ఇంచుమించు 50 డెసిబెళ్ళు, తాడేపల్లిగూడెంలో రైలుబండ్ల మోత, కొల్లేటి ఒడ్డున రొయ్యల చెరువులలో తెల్లవార్లూ తిరిగే ఏరియేటర్ల హోరు దీనికి అదనం. 85 డెసిబెళ్ళ పాటకు అక్కడ మిగిలే ఖాళీ 35 మాత్రమే. 96 డెసిబెళ్ళ ఫైలును చాలదని నిందించటంలో అర్థమేమి?

గది లోపాన్ని రేపైనా సవరించవచ్చును. నకలులోని లోపం అలా కాదు. 78 చుట్ల ప్లేటు గాడికి సుమారు 75 మైక్రానుల సూదిమొన కావాలి. లాంగ్‌ప్లే రికార్డుల సన్నసూది 25 మైక్రానులు కూడ మించదు. అది గాడి అడుగున మట్టిలో ప్రాకి బుసబుసలను పైకి తెస్తుంది. నాటకపద్యాల తొలినాటి ప్లేట్లు సరిగా 78 చుట్లకే ముద్రితమైనవని కూడ చెప్పలేము. 76 చుట్లది 78 వద్ద తిప్పితే శ్రుతి దాదాపు పావు స్వరం పెరుగుతుంది. గాయకుడు మారిపోయినట్లు తోస్తుంది.

అన్నిటికంటె ఘోరం ‘శుభ్రపరచటం’. ప్లేటు బుసబుస ఏ పౌనఃపున్యాలలో ఉన్నదో శ, ష, స అనే ఊష్మాక్షరాలు కూడ అక్కడే ఉన్నవి. బుసను పూర్తిగా తుడిచినవాడు వాటినీ తుడిచిపెడతాడు. ఒత్తులు మొద్దుబారుతాయి, ప్రాసస్థానం తేలిపోతుంది. పద్యం నూనె పూసినట్లు నున్నగా వినబడుతుంది గాని అందులో మాట తెలియదు. శ్రోత జీవం లేదన్నది దీనినే. ఇటువంటి ఫైలు చేతికి రాగానే పాత ప్లేటును చిల్లరసామానులవానికి వేసేవారు, ఏ కంప్యూటరూ తిరిగి తేలేని వస్తువును వదులుకుంటున్నారు.

తుడవని మొదటి నకలును, ప్లేటును రెండింటిని దాచటమే తగిన పని. కొల్లేటి తేమగాలికి ప్లేటు తొడుగులు బూజు పడతాయి. కాగితపు తొడుగు మార్చి, ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పేర్చక నిలువుగా ఉంచాలి. బూజు తుడవటానికి స్పిరిటు వాడరాదు. ఈ ప్లేట్లు లక్కతో పోసినవి, లక్క స్పిరిటులో కరుగుతుంది.