మాగ్నమ్ కొని మెత్తగా కాల్చడం

మా షూటింగ్ క్లబ్బుకు కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది మొదటి సాయంత్రమే అడిగే మాట ఒకటుంది: ".44 మాగ్నమ్ ఉందా?" ఇది సినిమాలు పెట్టిన చిచ్చు. 1971లో 'డర్టీ హ్యారీ'లో క్లింట్ ఈస్ట్‌వుడ్ ఆ రివాల్వర్ ఎత్తి పట్టుకున్నప్పటి నుంచీ దాన్ని ఒక్కసారైనా పేల్చకపోతే జన్మ వృథా అనుకునేవాళ్లు ప్రపంచమంతటా తయారయ్యారు. మా పెద్దాయన ఒకరు ఓపిగ్గా పెట్టె తెరిచి, పక్కనే నిలబడి, ఆరు గదుల సిలిండర్‌లో ఒక్క తూటా మాత్రం వేసి ఇస్తారు. అది పేలగానే చేతులు నెత్తి మీదికి లేస్తాయి, మనిషి పళ్లన్నీ కనబడేలా నవ్వుతాడు. ఇంకో రెండు మూడు కాలుస్తాడు. ఆ తర్వాత "చాలు" అని మర్యాదగా వెనక్కి ఇచ్చేస్తాడు. టార్గెట్ కాగితం దగ్గరికి రప్పించి చూస్తే ఒక చిల్లు పై మూలన ఉంటుంది, ఇంకోటి కింది మూలన. మిగతావి ఎటు పోయాయో వెనకున్న ఇసుక దిబ్బకే తెలియాలి.

నేను జర్మనీలో ష్టుట్‌గార్ట్ పక్కన ఉంటాను. రివాల్వర్‌తో గురి కొట్టడం నాకు వారాంతపు వ్యసనం. ఈ సంగతి ఫోన్లో చెప్తే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నీకెందుకురా తుపాకి? ఎవలమీద కోపం బిడ్డా?" అంది చివరికి. కరీంనగర్ జిల్లాలో పెరిగిన మా తరానికి తుపాకి అంటే అన్నల భుజం మీదిదో, పోలీసుల భుజం మీదిదో. మూడో రకం ఒకటుంటుందనీ, ఆదివారం పొద్దున దాంతో కాగితాన్ని కాల్చి, గొట్టం తుడిచి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, పదిమందితో కూచుని కాఫీ తాగుతారనీ ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆఫీసులో నాకు ఎవరితోనో పడటం లేదని ఇప్పటికీ ఆమె అనుమానం.

జర్మన్లకు ఇందులో వింతేమీ లేదు. జర్మన్ షూటింగ్ సమాఖ్య 1861లో గోథా పట్టణంలో పుట్టింది. ఈ రోజు దానికి 13 లక్షలకు పైగా సభ్యులున్నారు. ఊరికో గురికాళ్ల సంఘం, ఏడాదికో జాతర, ఆ జాతరలో గురి కొట్టి గెలిచినవాడికి రాజు అనే బిరుదు, వెండి గొలుసు. 2015లో ఈ సంప్రదాయాన్ని దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. అయితే రివాల్వర్ సొంతంగా కొనుక్కోవాలంటే మాత్రం జాతర ముచ్చట్లు పనికిరావు. గుర్తింపు పొందిన సమాఖ్య కింద ఉన్న క్లబ్బులో కనీసం ఏడాది సభ్యత్వం ఉండాలి. ఆ ఏడాదిలో నెలకోసారి, లేదంటే మొత్తం 18 సార్లు, సాధన చేసినట్టు పుస్తకంలో సంతకాలుండాలి. ఆయుధ పరిజ్ఞానం మీద పరీక్ష రాయాలి. పెద్ద క్యాలిబర్‌కు 21 ఏళ్లు నిండాలి; 25 లోపువాళ్లయితే మానసిక పరీక్ష కూడా. దేశంలో ఐదేళ్లు నివాసం లేనివాళ్లకు అనుమతి నిరాకరించే అధికారం ఆయుధాల ఆఫీసుకు ఉంది. నాలాంటి వలస పక్షులకు ముందు తగిలే గడప అదే.

ఇదంతా అతి అని విసుక్కునేవాళ్లు మా క్లబ్బులో ఉన్నారు. నేను విసుక్కోను. ష్టుట్‌గార్ట్ నుంచి లోకల్ రైలెక్కితే విన్నెండెన్ వస్తుంది. 2009 మార్చి 11న అక్కడి బడిలో మొదలుపెట్టి ఒక కుర్రవాడు 15 మందిని చంపేశాడు. వాడు పేల్చిన పిస్టల్ వాళ్ల నాన్నది. ఆయన షూటింగ్ క్లబ్బు సభ్యుడు, దాన్ని తాళం వేయకుండా పడకగదిలో ఉంచాడు. ఆ తర్వాతే అధికారులు ముందు చెప్పకుండా ఇంటికొచ్చి ఇనప్పెట్టె చూసే తనిఖీలు వచ్చాయి. 2017 నుంచి కొత్తగా కొనే పెట్టెకు కనీసం సున్నా గ్రేడు అనే భద్రతా స్థాయి తప్పనిసరి. 2023లో మ్యూన్‌స్టర్‌లోని పై కోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ఆ పెట్టె తాళంచెవిని కూడా అంతే గట్టి పెట్టెలో దాచాలంది. మరి ఆ రెండో పెట్టె తాళంచెవి? అందుకే ఇప్పుడు అందరూ అంకెల తాళాలకు మారిపోతున్నారు.

ఈ కాగితాల వల్ల ఒక మేలుంది. షోరూములోకి వెళ్లి, మెరిసేదాన్ని చూసి మనసు పారేసుకోవడం ఇక్కడ కుదరదు. ముందు ఏ పోటీ విభాగం కోసమో చెప్పాలి, దానికి సమాఖ్య అవసరమని రాసివ్వాలి. అప్పుడు ఆయుధాల ఆఫీసు అనుమతి పత్రమైన ఆకుపచ్చ కార్డులో "రివాల్వర్, .357 మాగ్నమ్" అని ముందే ఎక్కిస్తుంది. ఏడాదిలోపు కొనాలి, కొన్నాక రెండు వారాల్లో నమోదు చేయించాలి. సమాఖ్య నియమాల్లో .357కు ఒక విభాగం, .44కు వేరే విభాగం ఉన్నాయి. రెండింటికీ దూరం 25 మీటర్లే, పది మార్కుల వలయం 5 సెంటీమీటర్లే. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ రజతం కొట్టింది కూడా 25 మీటర్ల దూరం నుంచే. ఆమె చేతిలో ఉన్నది .22. ఆ చిన్న తూటా చేసే చిల్లుకు పడే మార్కులే మాగ్నమ్ చేసే చిల్లుకూ పడతాయి.

అలాంటప్పుడు మాగ్నమ్ ఎందుకు? నా జవాబు కొంచెం తిరకాసుగా ఉంటుంది. దాని బలంతో నాకు పని లేదు. ఆ బలాన్ని మోయడానికి కట్టిన ఒళ్లు నాకు కావాలి.

.357 మాగ్నమ్‌ను స్మిత్ అండ్ వెసన్ 1935లో తెచ్చింది. మొదటి రివాల్వర్ ఎఫ్‌బీఐ అధిపతి హూవర్‌కు వెళ్లింది. అదే ఏడాది హవాయిలో ఒకటి కొనుక్కున్న అమెరికా జనరల్ పాటన్, దంతపు పిడి వేయించుకుని రెండో ప్రపంచ యుద్ధమంతా తిప్పాడు. అప్పటికే వాడుకలో ఉన్న .38 స్పెషల్ తూటా గుల్లను 3 మిల్లీమీటర్లకు పైగా పొడవు చేసి, లోపల మందు బలం పెంచితే పుట్టిందే ఈ తూటా. రెండింటి గుండు లావు ఒకటే. కాబట్టి .357 రివాల్వర్‌లో .38 తూటాలు నిక్షేపంగా కాల్చుకోవచ్చు. .38 రివాల్వర్‌లో .357 పట్టదు, ఆ పొడవు పెంచడంలో ఉద్దేశం కూడా అదే. నిండు మాగ్నమ్ తూటా 700 జౌల్స్ చుట్టూ శక్తి ఇస్తుంది; టార్గెట్ కోసం చేసే .38 అందులో సగం కూడా ఇవ్వదు. 700కు కట్టిన ఇనుములో ఈ మెత్తటి తూటా వేస్తే, బరువైన రోట్లో గుప్పెడు కొబ్బరి దంచినట్టే: రోలు కదలదు.

అందుకే బరువు చూసి భయపడొద్దంటాను. ఆరంగుళాల గొట్టమున్న స్మిత్ అండ్ వెసన్ 686 బరువు కిలో పావు ఉంటుంది. దుకాణంలో మొదటిసారి పట్టుకున్నవాళ్లు "ఇంత బరువా" అని నాలుగంగుళాలది అడుగుతారు. సంచిలో మోయడానికైతే అదే సుఖం. కానీ గొట్టం పొడవు తగ్గితే ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తగ్గుతుంది. మణికట్టు వెంట్రుకవాసి వణికినా కాగితం మీద బారెడు తేడా పడుతుంది. బరువు ముందువైపు ఉంటే గొట్టం పేలినప్పుడు నెమ్మదిగా లేచి, తొందరగా చోటికి వస్తుంది. పోటీలో సగం తూటాలను ఐదేసి చొప్పున 20 సెకన్లలో కాల్చాలి. అప్పుడు తెలుస్తుంది ఆ కిలో పావు విలువ.

ఈ 686 పుట్టుక వెనకా బరువు కథే ఉంది. 1955లో వచ్చిన మోడల్ 19 తేలికైన రివాల్వర్. పోలీసులు నడుముకు పెట్టుకుని తిరగడానికి చేసింది. సాధన మెత్తటి .38తో, ఉద్యోగం మాగ్నమ్‌తో అన్నంతకాలం అది బాగానే నడిచింది. తర్వాత సాధన కూడా వేడి మాగ్నమ్ తూటాలతోనే జరగాలన్నారు. తేలిక గుండు, ఎక్కువ మందు తూటాలు వచ్చాక, గొట్టం వెనక అంచు పల్చబడిన చోట పగుళ్లు కనిపించాయి. 1980ల మొదట్లో కంపెనీ చట్రాన్ని ఒక సైజు పెంచి 586, 686 తెచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో పాత మోడల్ 19 చౌకగా దొరికితే, టార్చి వేసి ఆ అంచు చూడకుండా డబ్బులు ఇవ్వకండి. అలాగే సుత్తిని వెనక్కి లాగి ఉంచి సిలిండర్‌ను వేళ్లతో కదిపి చూడండి, గలగలలాడితే వదిలేయండి.

సెకండ్ హ్యాండ్ అంటే చిన్నచూపు వద్దు. ఇక్కడ ముసలి షూటర్లు పోతుంటారు. పిల్లలకు ఆసక్తి ఉండదు. షూటర్లు కాని వారసులు తుపాకీని ఇంట్లో ఉంచుకోవాలంటే గొట్టానికి అడ్డుతాళం బిగించాలని చట్టం. ఆ గొడవ పడలేక చాలామంది అమ్మేస్తారు. నలభై ఏళ్లుగా నూనె తప్ప దుమ్ము ఎరగని రివాల్వర్లు అలా బయటికి వస్తాయి.

పిడి విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఫ్యాక్టరీ రబ్బరు పిడి ఎవరి చేతికీ సరిగా కుదరదు. మాకు దగ్గర్లోనే మోసింగెన్‌లో నిల్ అనే కంపెనీ వాల్‌నట్ చెక్కతో పిడులు చేస్తుంది. మన చేతులు సగటు జర్మన్ చేతికన్నా చిన్నవి. చూపుడు వేలి మొదటి గణుపు దగ్గరి మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద వాలాలి; వేలు సాగదీస్తే తూటా పక్కకు పోతుంది. .44కు కావలసిన పెద్ద చట్రం నా వేలికి అందనిది ఇక్కడే. ఎలాగూ చాలా క్లబ్బుల రేంజికి 1500 జౌల్స్ పరిమితి. వేటగాళ్ల కోసం చేసిన .44 తూటాల్లో కొన్ని ఆ గీతను ముట్టుకుంటాయి.

జర్మన్ సరుకు మాటేమిటని అడుగుతారు. లోలార్‌లోని కోర్ట్ రివాల్వర్లు చేతిపనికి పరాకాష్ఠ, వేల యూరోలు. మాలెంటెలోని యాన్స్ కూడా ఆ వరుసే. ఆ ట్రిగ్గర్ ఒకసారి నొక్కాక మిగతావన్నీ కంకర నమిలినట్టుంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఆ డబ్బుతో ఒక 686, ఒక పిడి, బోలెడన్ని తూటాలు వస్తాయి. నా ఓటు తూటాలకు.

ఎందుకంటే మాగ్నమ్ జబ్బుకు మందు తూటాలే. ఆ జబ్బు పేలుడుకు ముందే వచ్చే ఉలికిపాటు. రివాల్వర్ దాన్ని పట్టిచ్చినంత నిజాయితీగా ఇంకే తుపాకీ పట్టివ్వదు. సిలిండర్‌లో నాలుగు తూటాలు, రెండు ఖాళీ గుల్లలు కలిపి వేసి, చూడకుండా తిప్పి మూయాలి. ఏది ఎప్పుడొస్తుందో తెలియదు. గుల్ల మీద సుత్తి "టక్" మన్నప్పుడు గొట్టం ముక్కు కిందికి వంగిందంటే, మన ఒళ్లు లేని పేలుడుతో కుస్తీ పట్టిందన్న మాట. నేను మూడు వంతులు .38తో, ఆఖరి వంతు మాగ్నమ్‌తో కాలుస్తాను. పోటీలో తూటాకు కనీస బలం ఉండాలన్న నియమముంది కాబట్టి మాగ్నమ్ పూర్తిగా మరిచిపోతే నడవదు. ఒక జాగ్రత్త: పొట్టి .38లు ఎక్కువ కాల్చాక సిలిండర్ గదుల్లో మసి వలయం కడుతుంది. దాన్ని బ్రష్‌తో గీకకపోతే పొడవాటి .357 గుల్లలు ఇరుక్కుంటాయి. తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లు .357 గుల్లలోనే మెత్తటి మందు వేసి ఈ తిప్పలు తప్పించుకుంటారు, కానీ దానికి పేలుడు పదార్థాల చట్టం కింద ఇంకో కోర్సు, ఇంకో అనుమతి. నేను ఆ దారి పట్టలేదు. అమ్మకు తెలిస్తే అనుమానం రూఢి అవుతుంది.

ఆటగాళ్లకు ఆకుపచ్చ కార్డులో మామూలుగా దొరికే పొట్టి తుపాకుల కోటా రెండు. రెండో గడిలో ఏం రాయిస్తావని క్లబ్బులో ఆటపట్టిస్తుంటారు. .44 అని పందెం కాసినవాళ్లున్నారు. నేను .22 రాయిస్తున్నాను, దరఖాస్తు ఈ వారమే ఇచ్చాను.