ఏరియాల వారీగా అమ్మిన సామ్రాజ్యం

మొన్న ఆదివారం ఓ టీవీ చానల్ అవార్డుల వేడుక చూశాను. ఉత్తమ చిత్రం ప్రకటించగానే హీరో వేదికెక్కాడు, దర్శకుడు ఎక్కాడు, సంగీత దర్శకుడూ ఎక్కాడు. జ్ఞాపిక హీరో చేతికి వెళ్లింది. నిర్మాత మాత్రం వెనక వరసలో శాలువాల పళ్లెం పట్టుకున్న అమ్మాయి పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. మైకు ఆయన దాకా రానే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవారికి నా పాత పాట తెలుసు. నిర్మాత అంటే డబ్బు సంచి కాదు, ఆ సినిమాకు మొట్టమొదటి ప్రేక్షకుడు అని ఏడిద నాగేశ్వరరావు గారి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ రాస్తూనే ఉన్నాను. ‘శంకరాభరణం’, ‘సాగరసంగమం’ అనగానే విశ్వనాథ్ గారిని తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. కానీ అలాంటి కథ విని ‘సరే, తీద్దాం’ అన్న ఆ మొదటి మనిషి ఎవరు? మనకు దర్శకులకు కొదవ లేదు, కొదవంతా అలాంటి నిర్మాతలకే అన్నది నా వాదన. ఈసారి దానికి సాక్షిగా ఓ ఇంగ్లండు నిర్మాతను పిలుస్తున్నాను. పేరు జెరెమీ థామస్.

ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం బహుమతి నిర్మాతకే ఇస్తారు. 1988 ఏప్రిల్‌లో ‘ది లాస్ట్ ఎంపరర్’ 9 నామినేషన్లకు 9 ఆస్కార్లూ గెలిచిన రాత్రి ఆ చివరి బొమ్మ అందుకున్నది ఈయనే. అప్పటికి వయసు 38. వెనక స్టూడియో లేదు. సినిమా వాళ్ల ఇంట్లో పుట్టిన మాట నిజమే. తండ్రి రాల్ఫ్ థామస్ ‘డాక్టర్ ఇన్ ది హౌస్’ తీసిన దర్శకుడు. బాబాయి జెరాల్డ్ థామస్ ‘క్యారీ ఆన్’ హాస్య చిత్రాలతో ఇంగ్లండు మొత్తాన్నీ నవ్వించినవాడు. అయితే కుర్రవాడు ఆ దారిలో నడవలేదు. ల్యాబులో, ఎడిటింగ్ గదిలో పని నేర్చుకుని, ఆస్ట్రేలియా వెళ్లి నటుడు డెన్నిస్ హాపర్‌తో ‘మ్యాడ్ డాగ్ మోర్గాన్’ (1976) నిర్మించాడు. తిరిగొచ్చి పోలండు దర్శకుడు స్కొలిమోవ్‌స్కీతో తీసిన ‘ది షౌట్’కు 1978లో కాన్ ఉత్సవంలో జ్యూరీ గ్రాండ్ ప్రి వచ్చింది. ఎడిటింగ్ బల్ల దగ్గర ఎదిగిన నిర్మాతకు ఓ సుగుణం ఉంటుందని నా నమ్మకం. ఏ షాట్ లేకపోతే సినిమా నిలబడదో, దేన్ని వదిలేసినా నష్టం లేదో అతనికి తెలుసు. అందుకే డబ్బు తగ్గినప్పుడు దర్శకుడి ప్రాణం తియ్యడు.

ఆ తర్వాత దర్శకుడు నికొలస్ రోగ్‌తో ‘బ్యాడ్ టైమింగ్’ (1980) తీశాడు. పెట్టుబడి పెట్టిన ర్యాంక్ సంస్థ సినిమా చూసి బెదిరిపోయింది. రోగిష్టి మనుషులు రోగిష్టి మనుషుల కోసం తీసిన రోగిష్టి సినిమా అని అందులో పెద్దాయన ఒకరు అన్న మాట బ్రిటిష్ సినిమా చరిత్రలో నిలిచిపోయింది. ర్యాంక్ సినిమాల ముందు కండలు తిరిగిన మనిషి జేగంట మోగించే గుర్తు వస్తుందే, దాన్ని ఈ సినిమా ప్రింట్ల నుంచి తీసేశారు. తండ్రి సినిమాల ముందు మోగిన జేగంట అది, కొడుకు సినిమాకు మోగనంది.

ఇక ‘లాస్ట్ ఎంపరర్’ ఖర్చు సుమారు 2.5 కోట్ల డాలర్లు. నిషిద్ధ నగరంలో చైనా ప్రభుత్వ అనుమతితో కథాచిత్రం తీసిన తొలి పాశ్చాత్య బృందం వీళ్లదే. జూనియర్ ఆర్టిస్టులే 19,000 మంది. మూడేళ్ల చక్రవర్తి పసుపుపచ్చ తెర దాటి గుమ్మంలోకి పరుగెత్తే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. తెర గాలికి లేస్తుంది, ఎదురుగా కనుచూపు మేర సాష్టాంగపడిన మనుషులు. దర్శకుడు బెర్తొలూచీ ప్రతిభకూ స్తొరారో కెమెరాకూ చేతులెత్తి మొక్కుతాను. దాంతోపాటు ఇంకో సంగతి కూడా నా కంటికి కనిపిస్తుంది. అంతమందికి ఆ పొద్దున ఎవరో బట్టలు కట్టబెట్టారు, మధ్యాహ్నం అన్నం పెట్టారు, సాయంత్రం కూలి లెక్క కట్టారు. చైనా ప్రభుత్వం చేత స్క్రిప్టు ఒప్పించుకోవడం స్టూడియోలతో వేగడం కంటే తేలికైందని థామస్ తర్వాత చెప్పుకున్నాడు.

మరి ఆ డబ్బు ఎక్కడిది? ఇది రాయడానికి కూర్చుంటే విజయవాడ గాంధీనగర్‌లో మా పెదనాన్న నడిపిన చిన్న డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు గుర్తొచ్చింది.

రెండు గదులు. వెనక గదిలో ప్రింటు పెట్టెలు, వాల్‌పోస్టర్ల కట్టలు. ముందు గదిలో మేజా, దాని వెనక పెదనాన్న. మద్రాసు నుంచి రైలు దిగి నిర్మాతలు అక్కడికి వచ్చేవారు. చంకలో స్టిల్స్ ఆల్బం ఉండేది. అప్పటికి సినిమా సగం కూడా అయ్యుండేది కాదు. పెదనాన్న ఒక్కో పేజీ నిదానంగా తిప్పి, ఆల్బం మూసేసి, ‘ఇప్పుడు కథ చెప్పండి’ అనేవాడు. ఓసారి ఓ కొత్త నిర్మాత వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది. కథ అంతా విని, ‘ఆ అమ్మాయి చివరికి పుట్టింటికి వెళ్తుందా, వెళ్లదా?’ అని పెదనాన్న అడిగాడు. ‘వెళ్లదండీ’ అన్నాడాయన. ‘ఆడవాళ్లు ఒప్పుకోరేమో?’ ‘మా డైరెక్టరు ఒప్పుకోడండీ’. పెదనాన్న కాసేపు ఊరుకుని కృష్ణా, గుంటూరు ఏరియాల హక్కులు తీసుకున్నాడు. నైజాం వాళ్లు అప్పటికే వద్దన్నారట. సీడెడ్ వాళ్లు అడిగినదాంట్లో సగం ఇస్తామన్నారట. అయినా ఆ నిర్మాత అక్కడ ఇంత, ఇక్కడ ఇంత అడ్వాన్సు పోగేసి సినిమా పూర్తిచేశాడు. కాగితం మీద సంతకం పెట్టినప్పుడు కొంత, పెట్టె ఇచ్చేటప్పుడు మిగతాది, అదీ ఒప్పందం. ఆ సినిమా ఆడలేదు. అయినా ఆయన తర్వాతి సినిమాకు కూడా పెదనాన్న అడ్వాన్సు ఇచ్చాడు. ఎందుకిచ్చావని ఇంట్లో అడిగితే, ‘చెప్పిన కథే తీశాడు’ అన్నాడు.

కాన్ మార్కెట్‌లో జరిగేదీ అచ్చంగా ఇదే. అక్కడ ఏరియాలంటే దేశాలు. జపాన్ ఒకరిది, ఇటలీ ఒకరిది, జర్మనీ ఇంకొకరిది. దర్శకుడి పేరూ స్క్రిప్టూ చూసి ఒక్కో దేశం బయ్యరు సినిమా తియ్యకముందే హక్కులు కొంటాడు. చేతిలో పెట్టేది కొంచెం, ప్రింటు అందాకే మిగతాది. ఆ ఒప్పందాలు చూపిస్తే బ్యాంకు అప్పిస్తుంది. సినిమా మధ్యలో ఆగిపోదని ఇంకో కంపెనీ జామీను ఉంటుంది. థామస్ ఏటా లండన్ నుంచి కారు నడుపుకుంటూ కాన్ వెళ్తాడు. మార్క్ కజిన్స్ ఆ ప్రయాణంలో పక్క సీట్లో కూర్చుని 2021లో ఆయన మీద డాక్యుమెంటరీ తీశాడు కూడా. ‘లాస్ట్ ఎంపరర్’ డబ్బు కోసమైతే ఒక దశలో టెలిఫోన్ డైరెక్టరీ ముందేసుకుని పెట్టుబడిదారుల కోసం వెతికాడట. ఉత్తర అమెరికా హక్కులు హెమ్‌డేల్ అనే సంస్థ తీసుకుంది. థియేటర్లలో విడుదల చేయడానికి కొలంబియా స్టూడియో ముందు తటపటాయించి, షూటింగ్ అయ్యాకే ఒప్పుకుంది.

ఒక మనిషి రుచి, మొండితనం ఎంత పని చేస్తాయో చూపిద్దామని మొదలుపెట్టాను. రుచి ఉంది, మొండితనమూ ఉంది. బాలార్డ్ నవల ‘హై-రైజ్’ను రోగ్‌తో తీద్దామని 1970ల చివర్లో అనుకుని, కుదరక, 2015లో బెన్ వీట్లీతో తీశాడంటే అది మొండితనం కాక మరేమిటి? కానీ ఆయన చిత్రాల జాబితా ముందు పెట్టుకుని చూస్తే ఇంకో నిజం తేలుతోంది. స్వతంత్ర నిర్మాత అంటాం గానీ, ఆయన ఎందరి మీద ఆధారపడ్డాడో! అంతమంది మీద ఆధారపడ్డాడు కాబట్టే ఏ ఒక్కరికీ లొంగాల్సిన పని పడలేదు. ర్యాంక్ ఛీ కొడితే ర్యాంక్‌తోనే బతుకు ముగియలేదు. మూడేళ్లు తిరిగేసరికి జపాన్ దర్శకుడు ఓషిమాతో ‘మెర్రీ క్రిస్మస్ మిస్టర్ లారెన్స్’ తీసి కాన్‌కు వెళ్లాడు. క్రోనెన్‌బర్గ్ దర్శకత్వంలో ఆయన వెనక నిలిచిన ‘క్రాష్’ (1996) మీద లండన్ పత్రికలు విరుచుకుపడ్డాయి. ఆ రోజుల్లో థామస్ బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడు కూడా. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ తన పరిధిలోని హాళ్లలో ఆ సినిమాను నిషేధించింది. సెన్సార్ బోర్డు మాత్రం 1997లో ఒక్క కట్ కూడా లేకుండా వదిలింది. వెస్ట్‌మినిస్టర్ పొలిమేర దాటితే లండన్‌లోనే చూడొచ్చు. ఒక ఏరియా కాదంటే ఇంకో ఏరియా ఉంది.

ఇప్పుడు ఆ బయ్యర్లు పలచబడ్డారు. డీవీడీల అమ్మకం పడిపోయాక చిన్న దేశాల్లో ముందే కొనే ధైర్యం తగ్గింది. ఓటీటీ వాళ్లు వస్తే ప్రపంచమంతా ఒకే చెక్కుతో కొనేస్తారు. ఆ చెక్కు రాసే మనిషి ఒక్కడు కాదంటే తట్టడానికి రెండో తలుపు లేదు. మన దగ్గర నైజాం, సీడెడ్ పేర్లు ఇంకా ఉన్నాయి, లెక్కలూ ఉన్నాయి. కానీ రేటు కట్టేది హీరో ఎవరో చూసి. ఆల్బం మూసి కథ చెప్పమనేవాళ్లు ఎక్కడున్నారో నాకు కనబడటం లేదు.

అందుకని నా పాత వాదనను ఇవాళ సవరించుకుంటున్నాను. మనకు కొదవ నిర్మాతలకు కాదు. కథ నమ్మి పొలం కుదువపెట్టి సినిమా తీసే కుర్రాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు, వాళ్ల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. పొలం కుదువపెట్టకుండా తియ్యగలగాలంటే రెండు జిల్లాలకు, మూడు జిల్లాలకు సొంత అభిరుచితో, చిన్న మొత్తంతో, తియ్యకముందే కొనే బయ్యర్లు కావాలి. అలాంటి పాతిక మంది ఉంటే చాలు, నైజాం వద్దన్న సినిమా కృష్ణా డబ్బుతో మొదలవుతుంది. సినిమా అభివృద్ధి పేరుతో ప్రభుత్వాలు ఇచ్చే డబ్బు ఏదైనా ఉంటే అందులో కొంత ఈ బయ్యర్లకు నష్టం పూచీగా పెట్టమంటాను. వచ్చే వారం నుంచి ఈ కాలమ్‌లో నేను పోరేది వాళ్ల కోసమే.