అక్షరాల బల్ల మీద చదరంగం

ఎనిమిది అక్షరాలు, కాస్త ఖాళీ, మళ్లీ ఎనిమిది అక్షరాలు. ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్‌లో ఎవరు ఎత్తు వేసినా ఆటగాడి కంప్యూటర్‌కు ఇలాంటి వరస ఒకటి వస్తుంది. పెద్దక్షరం తెల్ల పావు, చిన్నక్షరం నల్ల పావు, అడ్డగీత ఉంటే ఆ గడి ఖాళీ. 64 గళ్లూ అయ్యాక ఇప్పుడు ఎవరి వంతు, క్యాస్లింగ్ హక్కు ఎవరికి మిగిలింది, గడియారాల్లో సమయమెంత, చివరి ఎత్తు ఏది అన్నవీ అందులోనే ఉంటాయి. దీని పేరు స్టైల్ 12.

ఈ పద్ధతి 1992లో మొదలైన ఇంటర్నెట్ చెస్ సర్వర్ కాలం నుంచి వచ్చింది. అప్పట్లో ఆటగాళ్లు టెల్‌నెట్‌తో చేరి, అక్షరాలతో గీసిన బల్ల మీద ఆడేవారు. 1995లో ఆ సర్వర్ రుసుముల బాట పట్టింది. అది నచ్చనివాళ్లు అదే ఏడాది ఉచితమైన ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్ తెరిచారు.

సర్వర్ పంపేది అక్షరాలే అయినప్పుడు, అక్షరాలతో పని చేయడంలో ఆరితేరిన ఈమాక్స్ ఎడిటర్‌లో చదరంగం కుదురుకోవడం సహజం. గ్నూ ఈమాక్స్ 1985 నుంచీ ఉంది. దాన్ని వాడేవారు లిస్ప్ భాషలో నాలుగు పంక్తులు రాసి తమకు కావలసినట్టు మలచుకోవచ్చు. జాన్ వీగ్లీ మొదలుపెట్టగా తర్వాత మారియో లాంగ్ చూసుకున్న చెస్ పొడిగింపు ఆ స్వేచ్ఛను బల్ల దాకా తెచ్చింది.

ఇందులో అందమైన పనితనమంతా ఎత్తు వేసే తీరులో ఉంది. గుర్రాన్ని ఎఫ్3 గడికి పంపాలనుకున్న ఆటగాడు ఆ అక్షరాలు కొడుతూ పోతాడు. ఒక్కో అక్షరానికీ ఆ స్థితిలో చెల్లే ఎత్తుల జాబితా కుదించుకుపోతుంది. ఒక్కటే మిగిలిన క్షణాన పావు కదులుతుంది. ఎంటర్ నొక్కే పని లేదు, మౌస్ కోసం చెయ్యి చాపే పని అసలే లేదు.

ఈ పొడిగింపులో బల్ల చూపేది ఒక భాగం, గడియారం మరో భాగం, ఆటను దాచేది ఇంకోటి. నచ్చినవి ఉంచుకుని మిగతావి తీసేయొచ్చు. బొమ్మల బల్ల వద్దనుకుంటే ఉత్త అక్షరాల బల్ల పెట్టుకోవచ్చు, అక్షరాల బదులు యూనికోడ్ పావుల గుర్తులూ పెట్టుకోవచ్చు.

ఎత్తును పైకి చదివి వినిపించే భాగం వీటన్నిటికంటే విలువైనది. మారియో లాంగ్ చూపు లేని ప్రోగ్రామర్. బొమ్మగా వచ్చే బల్ల చూపులేనివారికి అందదు. అక్షరాలుగా వచ్చే బల్లను బ్రెయిలీ పరికరం మీద వేళ్లతో తడమవచ్చు, మాటలుగా వినవచ్చు. అందరికీ ఒకే కిటికీ తెరిచే వెబ్‌సైట్లు ఈ విషయంలో ఈ పాత పద్ధతి నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

నిమిషంలో ముగిసే బుల్లెట్ ఆటలకంటే నెమ్మదైన ఆటలకే ఈమాక్స్ చదరంగం హాయి. ప్రయత్నించాలనుకునేవారు గ్నూ ఎల్పా భాండాగారం నుంచి పొడిగింపును దించుకుని, చెస్-ఐసీఎస్ ఆదేశంతో సర్వర్‌లో చేరవచ్చు. ఖాతా లేకపోతే గెస్ట్ అని కొడితే చాలు, రేటింగ్ లెక్కలోకి రాని ఆటలు దొరుకుతాయి. 'సీక్ 15 5' అంటే చెరో 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్లు అదనం అని పిలుపు. ఒప్పుకున్నవారు రాగానే బల్ల తెరుచుకుంటుంది.